హెచ్‌ఐవీ ఎప్పుడు సోకింది? రక్తం చెప్పగలిగే తేదీ, చెప్పలేని తేదీ

పుదుచ్చేరి: హెచ్‌ఐవీ ఉన్నట్లు నిర్ధారణ అయిన వ్యక్తి కౌన్సెలర్ ఎదుట కూర్చున్నప్పుడు ఎన్నో ప్రశ్నలు వేస్తారు. ఎంతకాలం బతుకుతాను? ఊళ్లో అందరికీ తెలిసిపోతుందా? ఈ రెండింటికీ నేడు నిలకడైన జవాబులు ఉన్నాయి. మందులను తొలి దశలోనే మొదలుపెట్టి క్రమం తప్పకుండా వాడేవారి ఆయుర్దాయం ఇతరులతో దాదాపు సమానంగా ఉంటోంది. పరీక్ష ఫలితం గోప్యంగా ఉండేందుకు హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం-2017 రక్షణ కల్పిస్తోంది. అయితే వీటి వెంటనే వచ్చే మూడో ప్రశ్నకు మాత్రం అంత సులువైన సమాధానం లేదు. "ఇది నాకు ఎప్పుడు సోకింది?"

పుదుచ్చేరి పట్టణంలో విక్టర్ సిమోనెల్ వీధిలోని ఇందిరాగాంధీ ప్రభుత్వ సార్వజనిక ఆసుపత్రికి, గోరిమేడులోని జిప్మర్‌కు పట్టణవాసులే కాక పొరుగున ఉన్న విల్లుపురం, కడలూరు జిల్లాల ప్రజలూ వస్తారు. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన తెలుగు సీమ యానాం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన గోదావరి తీరంలో ఉన్నా, పాలనకూ ప్రభుత్వ వైద్య సేవలకూ కేంద్రస్థానం పుదుచ్చేరియే. భాష ఏదైనా, ఊరు ఏదైనా, ఈ ప్రశ్న వెనుక ఉన్న ఆందోళన ఒకటే. తేదీ తెలిస్తే ఎవరి నుంచి వచ్చిందో తెలుస్తుందన్న నమ్మకం అది. ఆ నమ్మకం మీద కాపురాలు కూలాయి, కేసులు నడిచాయి, ఒక దేశంలో మరణశిక్షలు సైతం పడ్డాయి. కనుక తేదీని వైద్యశాస్త్రం ఎంతవరకు చెప్పగలదు, ఎక్కడ ఆగిపోతుంది అన్నది తెలుసుకోవలసిన విషయం.

తొలి వంద రోజులు

సోకిన తొలి మూడు నెలల్లో రక్తాన్ని పరీక్షించే అవకాశం దొరికితే, తేదీని ఆశ్చర్యపరిచేంత దగ్గరగా అంచనా వేయవచ్చు. శరీరంలో ఆ రోజుల్లో జరిగే మార్పులు ఒక వరుసలో రావడమే అందుకు కారణం.

వైరస్ ప్రవేశించిన తరువాత సుమారు పది రోజుల పాటు ఏ పరీక్షకూ చిక్కదు. అప్పటికి అది ప్రవేశించిన చోట, సమీపంలోని లింఫు గ్రంథుల్లో మాత్రమే పెరుగుతూ ఉంటుంది. ఆపై రక్తంలోకి చేరినప్పుడు మొదట కనిపించేది వైరస్ జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏ. కొన్ని రోజులకు వైరస్ లోపలి కవచానికి చెందిన పి24 అనే ప్రొటీన్ గుర్తించదగిన స్థాయికి చేరుతుంది. ఆ తరువాతే దేహం తయారుచేసుకునే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, బయటపడతాయి. యాంటీబాడీలు కూడా ఒక్కసారిగా అన్నీ రావు. వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో పట్టీలు ఒకదాని తరువాత ఒకటిగా తేలుతాయి. పి31 అనే పట్టీ అందరికంటే ఆలస్యంగా వస్తుంది.

ఈ వరుసను 2003లో ఫీబిగ్, ఆయన సహచరులు ఆరు దశలుగా విభజించారు. పదేపదే ప్లాస్మా దానం చేసినవారి నమూనాలు వారికి ఆధారం. దానం చేసిన ప్రతిసారీ నమూనా భద్రపరిచి ఉండటంతో, సోకక ముందు రోజుల నుంచీ జరిగినదంతా వెనక్కి తిరిగి చూడటం సాధ్యమైంది. ఆర్‌ఎన్‌ఏ మాత్రమే కనిపించే మొదటి దశ సగటున 5 రోజులు. పి24 కూడా కనిపించే రెండో దశ మరో 5 రోజులు. యాంటీబాడీ పరీక్ష పాజిటివ్‌గా మారే మూడో దశ 3 రోజులు, వెస్టర్న్ బ్లాట్ ఎటూ తేల్చని నాలుగో దశ 5 నుంచి 6 రోజులు ఉంటాయి. పి31 పట్టీ ఇంకా రాని అయిదో దశ మాత్రం సుమారు 70 రోజుల వరకు సాగుతుంది. ఆరో దశకు అంతం లేదు. అందులోకి అడుగుపెట్టిన వ్యక్తికి నాలుగు నెలల కిందట సోకిందో, పద్నాలుగేళ్ల కిందట సోకిందో ఈ పట్టీలు ఇక చెప్పవు.

చిక్కు అక్కడే ఉంది. పరీక్షకు వచ్చేవారిలో అత్యధికులు ఆరో దశలో ఉన్నవారే. తొలి వారాల్లో అనుమానంతో వచ్చి, ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కూడా చేయించుకునేవారు అరుదు. ప్రభుత్వ పరీక్షా కేంద్రాల్లో వాడే పద్ధతి వేర్వేరు సూత్రాలపై పనిచేసే మూడు త్వరిత యాంటీబాడీ పరీక్షలు. వైరస్ ఉందా లేదా అని తేల్చడానికి అవి ఎంతో నమ్మదగినవి. ఎప్పటి నుంచి ఉందని చెప్పడం వాటి పని కాదు. పరీక్షా పట్టీ మీద గీత చిక్కగా పడితే పాతదనీ, పలుచగా పడితే కొత్తదనీ కొందరు అర్థం చెప్పుకొంటారు. దానికి ఆధారం లేదు.

"లేదు" అన్న పాత కాగితం విలువ

నిజానికి ఒక వ్యక్తి విషయంలో అన్నిటికంటే గట్టి ఆధారం అత్యాధునిక యంత్రం ఇచ్చేది కాదు. బీరువాలో ఎక్కడో పడి ఉన్న పాత నెగెటివ్ నివేదిక. గర్భిణిగా ఉన్నప్పుడు చేసిన పరీక్ష, శస్త్రచికిత్సకు ముందు చేసిన పరీక్ష, విదేశీ ఉద్యోగానికి చేయించుకున్న వైద్య పరీక్ష వంటివన్నీ ఈ కోవలోవే. చివరి నెగెటివ్‌కు, మొదటి పాజిటివ్‌కు మధ్య ఎక్కడో సోకింది అన్నది తర్కానికి నిలిచే మాట.

దీనికి ఒక సవరణ మాత్రం అవసరం. నెగెటివ్ వచ్చిన రోజుకే వైరస్ సోకి ఉండి, పరీక్షకు చిక్కని స్థితిలో ఉండవచ్చు. దీనినే విండో పీరియడ్ అంటారు. ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు ఈ వ్యవధి 10 నుంచి 33 రోజులు. ప్రయోగశాలలో యాంటిజెన్, యాంటీబాడీ రెండింటినీ చూసే నాలుగో తరం పరీక్షకు 18 నుంచి 45 రోజులు. వేలి చుక్క రక్తంతో చేసే యాంటీబాడీ పరీక్షకు 23 నుంచి 90 రోజులు. కాబట్టి త్వరిత పరీక్షలో నెగెటివ్ వస్తే, ఆ రోజు వరకు సోకలేదని కాదు, అంతకు మూడు నెలల ముందు వరకు సోకలేదని అర్థం చేసుకోవాలి. రక్తనిధుల్లో పరీక్షించిన రక్తం వల్ల కూడా అరుదుగా ప్రమాదం జరగడానికి మూలం ఈ కొద్దిరోజుల చీకటే.

జ్వరం జ్ఞాపకం మీద ఆధారపడవచ్చా?

సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి జ్వరం, గొంతు నొప్పి, ఒంటిమీద దద్దుర్లు, మెడ దగ్గర గ్రంథుల వాపు వస్తాయి. ఇంటర్నెట్‌లో ఈ లక్షణాల పట్టిక చదివిన వారికి ఏదో ఒక జ్వరం గుర్తుకు వస్తుంది. ఆ జ్వరానికి రెండు వారాలు వెనక్కి లెక్కగట్టి, ఆ రోజుల్లో ఎవరిని కలిశామో తేల్చుకుంటారు.

ఈ లెక్క ఎంత ప్రమాదకరమో పుదుచ్చేరి వంటి తీరపట్టణంలో చెప్పనక్కరలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు కురిసే కాలంలో డెంగీ, చికున్‌గున్యా, మామూలు వైరల్ జ్వరాలు ఇంటింటా ఉంటాయి. వాటికీ అవే దద్దుర్లు, అదే ఒళ్లు నొప్పులు. మరోవైపు హెచ్‌ఐవీ సోకినా ఏ లక్షణమూ లేకుండా తొలి వారాలు దాటిపోయే వారు కూడా తక్కువేమీ కాదు. సోకిన అవకాశం ఉన్న సంఘటన తేదీ, పాత నెగెటివ్ నివేదిక తోడైనప్పుడే జ్వరం జ్ఞాపకానికి కొంత విలువ. ఒంటరిగా అది ఆధారం కాదు.

సీడీ4: పల్చని కొలబద్ద

పాత నివేదికలు లేనప్పుడు వైద్యులు చూసేది సీడీ4 కణాల సంఖ్య. రోగనిరోధక వ్యవస్థకు సారథులైన ఈ తెల్ల రక్తకణాలే హెచ్‌ఐవీకి లక్ష్యం. ఆరోగ్యవంతుల్లో ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి సాధారణంగా 500 నుంచి 1500 వరకు ఉంటాయి. చికిత్స లేకపోతే ఏడాదికేడాది తగ్గుతూ పోతాయి. 200 కంటే దిగితే న్యూమోసిస్టిస్ న్యుమోనియా, 100 కంటే దిగితే క్రిప్టోకాకస్ మెనింజైటిస్, 50 కంటే దిగితే చూపును హరించే సైటోమెగలో వైరస్ వ్యాధి వంటివి మీద పడతాయి.

సోకిన తేదీ ముందే తెలిసిన వేలాది మందిని ఏళ్ల తరబడి గమనించిన యూరప్ అధ్యయన కూటమి 'క్యాస్కేడ్' ఈ తగ్గుదలకు కొన్ని అంకెలు ఇచ్చింది. సోకినప్పటి నుంచి సీడీ4 500 కంటే దిగడానికి మధ్యస్థంగా 1.2 ఏళ్లు, 350 కంటే దిగడానికి 4.2 ఏళ్లు, 200 కంటే దిగడానికి 7.9 ఏళ్లు పట్టింది. ఈ పట్టికను చేత పట్టుకుని, "మీ సీడీ4 350, కనుక మీకు నాలుగేళ్ల కిందట సోకింది" అనడం సులువు. అలా అనడం తప్పు. మధ్యస్థం అంటే సగం మంది అంతకంటే ముందే ఆ గీత దాటారని, మిగిలిన సగం మంది ఇంకా దాటలేదని అర్థం. రెండు మూడేళ్లలోనే 200కు పడిపోయే వారున్నారు. చికిత్స లేకుండానే పదిహేనేళ్లు నిలకడగా ఉన్నవారూ ఉన్నారు. నూటికి ఒకరికంటే తక్కువ మందిలో దేహమే వైరస్‌ను అణచి ఉంచుతుంది. అటువంటి వారి రక్తంలో ఏ గడియారమూ సరిగా నడవదు.

మరికొన్ని చిక్కులు ఈ నేలకు సంబంధించినవి. భారతీయుల్లో ఆరోగ్యవంతుల సీడీ4 సగటు పాశ్చాత్యుల కంటే కొంత తక్కువని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. మెట్టు మొదలే కింద ఉంటే దిగడానికి పట్టే కాలం కూడా మారుతుంది. క్షయ ఉంటే ఆ జబ్బు కారణంగానే సీడీ4 తగ్గుతుంది. గర్భిణుల్లో రక్త పరిమాణం పెరిగి సంఖ్య తక్కువగా కనిపిస్తుంది. ఒకే మనిషికి ఉదయం తీసిన రక్తానికీ సాయంత్రం తీసిన రక్తానికీ కూడా తేడా ఉంటుంది. వీటితో పాటు, మన దేశంలో హెచ్‌ఐవీ-2 రకం కూడా ఉంది. అది నెమ్మదిగా ముదిరే జబ్బు. హెచ్‌ఐవీ-1 కోసం తయారైన ఏ లెక్కా దానికి పనికిరాదు.

ముందు తెలిసినవారు ముందు సోకినవారు కారు

ఈ పరిమితులు ఒక ఇంటిలో ఎలా కనిపిస్తాయో ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఒక ఇల్లాలికి 2021 జూన్‌లో మొదటి కాన్పు సమయంలో చేసిన పరీక్షలో హెచ్‌ఐవీ లేదని వచ్చింది. 2024 జూన్‌లో రెండో కాన్పు సమయంలో ఉందని తేలింది. సీడీ4 సంఖ్య 420. ఆపై పిలిపించిన భర్తకు కూడా పాజిటివ్ వచ్చింది. అతడు అంతకుముందు ఎన్నడూ పరీక్ష చేయించుకోలేదు. సీడీ4 సంఖ్య 180.

ఇంట్లో మొదట మాటపడేది ఎవరు? అత్తవారి ఇంట సాధారణంగా ఆ ఇల్లాలే. జబ్బు ముందుగా బయటపడింది ఆమెలో గనుక, ఆమే తెచ్చిందన్న నింద. కానీ ఆమెలో ముందుగా బయటపడటానికి కారణం ఒక్కటే. గర్భిణులందరికీ ప్రభుత్వం పరీక్ష చేయిస్తుంది, భర్తలకు అటువంటి తప్పనిసరి సందర్భం ఉండదు. కాగితాలు నిస్సందేహంగా చెబుతున్నది ఇంతే: ఆమెకు 2021 మార్చి తరువాత, 2024 మే లోపు ఎప్పుడో సోకింది. భర్త విషయంలో కింది గీత ఏదీ లేదు. 180 అన్న సంఖ్య చూసి అతడికి ఎనిమిదేళ్ల కిందటే సోకిందని ఆమె తరఫువారు అనవచ్చు. అది సంభవమే, కొంతవరకు అధిక సంభవం కూడా. అయితే గుర్తించని క్షయ ఏదైనా ఉందా, అతడిలో జబ్బు వేగంగా ముదిరిందా అన్నవి తేలకుండా ఆ మాటను రుజువుగా నిలబెట్టడం కుదరదు. ఇద్దరికీ వేర్వేరు మార్గాల్లో సోకిన అవకాశాన్ని కూడా ఈ అంకెలు కొట్టివేయవు. సూది ద్వారానో, రక్తం ద్వారానో సోకి ఉండవచ్చన్న సంగతిని సీడీ4 ఎన్నటికీ చెప్పదు.

నిందను తోసిపుచ్చడానికి విజ్ఞానం పనికివస్తుంది. నింద మోపడానికి అంత సులువుగా పనికిరాదు. కౌన్సెలింగ్ కేంద్రాల్లో దంపతులు కలిసి ఒకేనాడు పరీక్ష చేయించుకోవాలని ప్రోత్సహించడానికి ఒక కారణం, "ముందు ఎవరికి?" అన్న ప్రశ్నకు చోటు తగ్గించడం.

శిశువుల్లో మాత్రం లెక్క వేరు

తల్లి నుంచి బిడ్డకు సోకిన సందర్భంలో కాలనిర్ణయం మరింత కచ్చితంగా సాధ్యం. సోకే అవకాశం ఉన్న కాలం మూడు భాగాలుగా, ముందే తెలిసి ఉండటమే అందుకు కారణం: గర్భంలో, కాన్పు వేళ, పాలిచ్చే కాలంలో. పుట్టిన 48 గంటల్లో తీసిన రక్తంలోనే వైరస్ జన్యు పదార్థం కనిపిస్తే గర్భంలోనే సోకినట్లు భావిస్తారు. మొదటి వారంలో నెగెటివ్‌గా ఉండి ఆ తరువాత వారాల్లో పాజిటివ్‌గా మారితే కాన్పు సమయంలో సోకి ఉండాలి. పసివారికి మామూలు యాంటీబాడీ పరీక్ష ప్రయోజనం లేదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు 18 నెలల వరకు బిడ్డ రక్తంలో ఉండి, సోకని బిడ్డను కూడా సోకినట్లు చూపించగలవు. అందుకే ఆరు వారాల వయసులో మడమ నుంచి తీసిన రక్తపు బొట్టును కాగితంపై ఆరబెట్టి జన్యు పరీక్షకు పంపుతారు.

వైరస్ జన్యువుల్లో నడిచే గడియారం

హెచ్‌ఐవీ తనను తాను నకలు తీసుకునేటప్పుడు తరచూ తప్పులు చేస్తుంది. ఆ తప్పులు కాలంతో పాటు పేరుకుపోతాయి. స్త్రీ పురుష సంబంధాల ద్వారా సోకిన వారిలో అయిదింట నాలుగు వంతుల మందిలో జబ్బు ఒకే ఒక వైరస్ కణం సంతతిగా మొదలవుతుంది. కనుక తొలినాళ్లలో ఒకరి శరీరంలోని వైరస్‌లన్నీ దాదాపు ఒక్క పోలికతో ఉంటాయి. నెలలు గడిచేకొద్దీ వైవిధ్యం పెరుగుతుంది. మందులకు లొంగని రకాలను గుర్తించడానికి చేసే జన్యుక్రమ పరీక్షలో ఒకేచోట రెండు అక్షరాలు కలిసి కనిపించే స్థానాలు అర శాతం కంటే తక్కువగా ఉంటే, సోకి ఏడాది లోపే కావచ్చని స్విట్జర్లాండ్ పరిశోధకులు 2011లో చూపారు. ఇద్దరు ముగ్గురు వేర్వేరు వైరస్‌లతో ఒకేసారి జబ్బు మొదలైన వారిలో ఈ లెక్క తప్పుతుంది. కొత్తగా సోకినా పాతదిలా కనిపిస్తుంది.

వ్యక్తుల కంటే సమూహాల విషయంలో ఈ గడియారం గొప్పగా పనిచేసింది. 1959, 1960లలో నేటి కిన్షాసా నగరంలో తీసిన రెండు నమూనాల ఆధారంగా, హెచ్‌ఐవీ-1 ప్రధాన వర్గం 1884 నుంచి 1924 మధ్యకాలంలో మనుషుల్లో వ్యాపించడం మొదలుపెట్టిందని 2008లో మైఖేల్ వోరోబీ బృందం లెక్కగట్టింది. అదే శాస్త్రవేత్త 2016లో మరొక అపవాదును తుడిచివేశారు. అమెరికాకు ఎయిడ్స్‌ను తెచ్చిన 'పేషెంట్ జీరో'గా దశాబ్దాల పాటు నింద మోసిన విమాన సహాయకుడు గాయటాన్ దుగా కంటే ముందే, 1970 ప్రాంతంలోనే, ఆ వైరస్ న్యూయార్క్‌లో వ్యాపిస్తోందని పాత రక్త నమూనాలు రుజువు చేశాయి. 'కాలిఫోర్నియా బయటివాడు' అని సూచించే 'ఓ' అక్షరాన్ని సున్నాగా చదవడంతో ఆ పేరు పుట్టింది.

అయితే కాలనిర్ణయం మనుషుల ప్రాణాలతో ముడిపడ్డ సందర్భం లిబియాది. బెంఘాజీలోని పిల్లల ఆసుపత్రిలో 400 మందికి పైగా చిన్నారులకు హెచ్‌ఐవీ సోకింది. 1998 మార్చిలో అక్కడ పనిలో చేరిన అయిదుగురు బల్గేరియా నర్సులు, ఒక పాలస్తీనా వైద్యుడు ఉద్దేశపూర్వకంగా ఎక్కించారని అభియోగం మోపారు. 2004లో మరణశిక్ష పడింది. పునర్విచారణ సాగుతుండగా, యూరప్ ఆసుపత్రుల్లో చికిత్స పొందిన పిల్లల నుంచి సేకరించిన వైరస్ జన్యుక్రమాలను ఒక అంతర్జాతీయ బృందం విశ్లేషించింది. ఆ వైరస్‌లన్నిటికీ ఉమ్మడి పూర్వ వైరస్ ఎప్పటిది అన్నదే వారు వేసుకున్న ప్రశ్న. ఈ విదేశీ సిబ్బంది దేశంలో అడుగుపెట్టక ముందే ఆ ఆసుపత్రిలో వైరస్ వ్యాపిస్తోందన్నది వారికి దొరికిన జవాబు. అదే పిల్లల్లో కనిపించిన హెపటైటిస్-సి కూడా అంతకంటే పాతదే. అపరిశుభ్ర సూదులు, పరికరాల వల్ల చాలాకాలంగా జరుగుతున్న అనర్థం అది అని తేలింది. 2006 డిసెంబరులో 'నేచర్' పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది. అదే నెలలో న్యాయస్థానం మళ్లీ మరణశిక్షే విధించింది. చివరకు దౌత్య ప్రయత్నాల ఫలితంగా 2007 జులైలో ఆరుగురూ విడుదలయ్యారు.

ఇక్కడ గడియారం చేసిన పని గమనించదగినది. ఏ పిల్లవాడికి ఏ రోజున సోకిందో అది చెప్పలేదు. వీరు రాక ముందే మొదలైందని మాత్రమే చెప్పింది. నిర్దోషిత్వానికి అది చాలు. ఇద్దరి వైరస్‌లు దగ్గరి పోలికతో ఉన్నంత మాత్రాన ఒకరి నుంచి మరొకరికి నేరుగా సోకిందని నిర్ధారించలేమని, మధ్యలో మూడో వ్యక్తి ఉండవచ్చని 2018లో వివిధ దేశాలకు చెందిన 20 మంది శాస్త్రవేత్తలు ఉమ్మడి ప్రకటనలో న్యాయవ్యవస్థలకు గుర్తుచేశారు.

పన్నెండేళ్ల అంతరం, ఒక తీర్పు

భారతదేశంలో సోకిన కాలం నేరుగా న్యాయస్థానం ముందుకు వచ్చిన ప్రముఖ సందర్భం వైమానిక దళ మాజీ ఉద్యోగిది. 2002లో 'ఆపరేషన్ పరాక్రమ్' విధుల్లో ఉండగా అనారోగ్యం పాలైన ఆయనకు ఒక సైనిక ఆసుపత్రిలో ఒక యూనిట్ రక్తం ఎక్కించారు. హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలింది 2014లో. నడుమ పన్నెండేళ్లు. రక్తంలోని ఏ పరీక్షా ఆ పన్నెండేళ్లను దాటి వెనక్కి వెళ్లి 2002 నాటి ఆ రోజును చూపలేదు. 2023 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రయోగశాల తేదీ మీద నిలబడలేదు. పరిస్థితుల మీద, నమోదు కాని జాగ్రత్తల మీద, సంఘటన తనంతట తానే నిర్లక్ష్యాన్ని చాటుతోందన్న న్యాయసూత్రం మీద నిలబడింది. సైన్యం, వైమానిక దళం ఉమ్మడిగా బాధ్యత వహించి రూ.1.54 కోట్లకు పైగా పరిహారం చెల్లించాలని ఆదేశించింది. చికిత్స లేకుండా పదేళ్లు, ఆపైన కూడా లక్షణాలు పెద్దగా కనిపించకపోవచ్చన్నది వైద్యం ఎరిగిన సంగతే కనుక, ఆ అంతరం అసంభవమేమీ కాదు.

దేశం వేసుకునే లెక్క

ఒక వ్యక్తికి సరిగా అమరని కొలబద్ద వేలమందికి చక్కగా అమరవచ్చు. హెచ్‌ఐవీ గణనలో జరిగేది అదే. యాంటీబాడీ కాలం గడిచేకొద్దీ వైరస్‌ను మరింత గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు బలాన్ని కొలిచే ఎవిడిటీ పరీక్ష, సగటున 130 రోజుల లోపు సోకినవారిని 'కొత్తవారు'గా వేరుచేస్తుంది. వెయ్యి మందిలో ఎంతమంది కొత్తవారో తెలిస్తే జబ్బు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది బోధపడుతుంది. మందులు వాడుతున్నవారిలో యాంటీబాడీ బలం తగ్గి, పాత రోగి కొత్తవాడిగా కనిపించే ప్రమాదం ఉన్నందున వైరల్ లోడ్‌ను కూడా చూసి సరిచేస్తారు. ఇన్ని సవరణలు అవసరమైన ఈ పరీక్షను వ్యక్తుల సాధారణ పరీక్షా సేవల్లో వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

లెక్క ఎంత తారుమారు కాగలదో తెలుగువారికి ఒక అనుభవం ఉంది. గుంటూరు జిల్లాలో ఇళ్లకు వెళ్లి రక్త నమూనాలు సేకరించిన లలిత్ దండోనా బృందం, ఆసుపత్రులకు వచ్చేవారి ఆధారంగా వేసిన అధికారిక అంచనా వాస్తవానికి రెట్టింపు కంటే ఎక్కువని 2006లో తెలిపింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సమాచారం కూడా చేరిన తరువాత, 2007లో దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి అంచనా 50 లక్షలకు పైనుంచి దాదాపు 25 లక్షలకు దిగింది. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సాలమన్, నిర్మల సేకరించిన నమూనాల్లో దేశంలోనే తొలిసారిగా హెచ్‌ఐవీ బయటపడింది. అంతకు ఎన్నేళ్ల ముందు వైరస్ దేశంలోకి ప్రవేశించిందన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి కూడా ఈ పద్ధతులే ఆధారం.

తేదీ ఎందుకు కావాలి?

చికిత్సకైతే తేదీ అక్కరలేదు. 2017 నుంచి సీడీ4 ఎంత ఉన్నా, నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితంగా మందులు మొదలుపెడుతున్నారు. మందులు మొదలైన కొద్ది నెలల్లో వైరస్ అణగి, సీడీ4 పెరుగుతుంది. ఆ తరువాత తీసిన రక్తం నుంచి సోకిన కాలాన్ని అంచనా వేయడం దాదాపు అసాధ్యం. తేదీ తేలేవరకు మందులు వాయిదా వేసుకోవాలనుకోవడం మాత్రం ప్రాణాన్ని పణంగా పెట్టడమే.

తేదీ అంచనా నిజంగా అక్కరకు వచ్చేది ఇతరుల కోసం. సోకే అవకాశం ఉన్న సంఘటన జరిగి 72 గంటలు దాటకపోతే, 28 రోజుల నివారణ మందులతో ముప్పును బాగా తగ్గించవచ్చు. ఇటీవల సోకిందని తేలితే, ఆ నెలల్లో సన్నిహితంగా ఉన్నవారికి సత్వరం పరీక్ష చేయించాలి. సోకిన కొత్తలో రక్తంలో వైరస్ అత్యధికంగా ఉంటుంది గనుక అప్పుడే ఇతరులకు సోకే ప్రమాదం ఎక్కువ. పాతదని అనిపిస్తే చూడవలసింది పిల్లల వైపు. పై ఉదాహరణలోని ఇల్లాలికి 2021 పరీక్ష నెగెటివ్‌గా ఉండటం వల్ల మొదటి బిడ్డకు గర్భంలో సోకే అవకాశం చాలా తక్కువ. అయితే ఆ తరువాత పాలిచ్చిన కాలంలోనే ఆమెకు సోకి ఉండవచ్చు. కనుక ఆ బిడ్డకు కూడా పరీక్ష చేయించవలసి ఉంటుంది. ఆమెకు పాత నివేదిక ఏదీ లేకపోతే, పిల్లలందరికీ వయసుతో నిమిత్తం లేకుండా పరీక్ష అవసరం.

ఈ పరీక్షలకు సమ్మతి తప్పనిసరి. ఫలితాన్ని యజమానికి గానీ బంధువులకు గానీ చెప్పాలని ఎవరూ బలవంతం చేయరాదు. జీవిత భాగస్వామికి సోకే ముప్పు గణనీయంగా ఉందని వైద్యుడు భావించినప్పుడు, ముందుగా రోగికి కౌన్సెలింగ్ ఇచ్చి, చట్టం పెట్టిన నియమాలకు లోబడి మాత్రమే భాగస్వామికి తెలియజేయవచ్చు. అప్పుడు కూడా తెలియజేసేది హెచ్‌ఐవీ ఉందన్న సంగతిని, ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందన్న ఊహను కాదు. సందేహాలున్నవారు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఉచిత ఫోన్ సేవ 1097కు ఫోన్ చేయవచ్చు.